బరువు లేని ఎర: ఫ్లై ఫిషింగ్ వెనుక ఉన్న ఈకలు, వెదుళ్లు, వాదాలు

చెరువు గట్టున కూర్చుని గాలం వేసేవారికి బరువు గురించి ప్రత్యేకంగా ఆలోచించవలసిన పని ఉండదు. కొక్కేనికి గుచ్చిన వానపాముకో పిండిముద్దకో కొంత బరువు ఉంటుంది, చాలకపోతే చిన్న సీసపు గుండు కడతారు. విసిరినప్పుడు ఆ బరువే ముందుకు దూసుకుపోయి వెనుక దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్ అనే పద్ధతిలో ఈ ఏర్పాటు పూర్తిగా తలకిందులవుతుంది. అక్కడ కొక్కెం మీద ఉండేది నిజమైన ఎర కాదు, నాలుగు ఈక పోచలు, కాస్త ఉన్ని కలిపి పట్టుదారంతో బిగించిన కీటకం బొమ్మ. ఫ్లై అంటే ఈగ అనే అర్థం, అయితే ఆ పేరు కింద ఈగలే కాక నీటిపురుగులు, చీమలు, మిడతలు, చిరుచేపలు కూడా చేరిపోయాయి. ఊదితే ఎగిరిపోయే ఆ బొమ్మను పదిహేను మీటర్ల అవతల, నీటి మీద చప్పుడు కాకుండా వాలేట్టు వేయడం ఎలాగన్నదే ఈ విద్యకు మూలప్రశ్న.

దానికి దొరికిన జవాబు దారానికే బరువు ఇవ్వడం. కర్రను వెనక్కి ఊపి, దారం వెనుక గాలిలో పూర్తిగా సాగేదాకా క్షణకాలం ఆగి, తిరిగి ముందుకు ఊపి ఒక్కసారిగా నిలిపితే, అప్పటిదాకా వంగి ఉన్న కర్ర నిటారవుతూ తన బలాన్ని దారానికి అప్పగిస్తుంది. గాలిలో దారం ఒక మడతపడి, చుట్టిన చాప విప్పుకున్నట్టు ముందుకు విప్పుకుంటూ పోయి, కొసన ఉన్న ఫ్లైని మెల్లగా దించుతుంది. కర్రకూ దారానికీ ఈ పొత్తు ఎంత ముఖ్యమంటే, 1960 ప్రాంతంలో అమెరికా తయారీదారుల సంఘం స్థిరపరచిన ప్రమాణం ప్రకారం దారంలోని మొదటి 30 అడుగుల తూకాన్ని బట్టే దానికి సంఖ్య వేస్తారు. చల్లని నీటిలో బతికే ట్రౌట్ చేపలకు విరివిగా వాడే 5వ నంబరు దారంలో ఆ 30 అడుగులూ 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు తూగాలి. దానికి జోడైన కర్ర మీద కూడా 5 అనే ఉంటుంది.

ఫ్లై ఫిషింగ్ చరిత్రను సాధారణంగా చేపకూ మనిషికీ నడుమ సాగిన తెలివితేటల పోటీగా చెబుతారు. ఆ కథనం తప్పు కాదు గానీ, దానితో సగం విషయాలే అర్థమవుతాయి. ఒక ఫ్లై ఫలానా కోడి మెడ ఈకతోనే ఎందుకు కట్టాలి, ఫలానా నదిలో పైవైపుకే ఎందుకు విసరాలి అని అడిగితే, చేప ఇష్టం అనే సమాధానం చాలాచోట్ల నిలవదు. సంప్రదాయంగా స్థిరపడిన నియమాల్లో చాలావాటి వెనుక ఒక కాలంలో ఒకచోట దొరికిన ముడిసరుకు ఉంది, ఒక ప్రత్యేకమైన నీటి స్వభావం ఉంది, వీటికి తోడు అంగట్లో ఫ్లైని చూసి ముచ్చటపడి కొనే మనిషి కూడా ఉన్నాడు.

ఒకరోజు బతికే పురుగు

ఈ పద్ధతికి దొరికే తొలి స్పష్టమైన వర్ణన సుమారు 1800 ఏళ్ల నాటిది. రోమ్‌లో నివసిస్తూ గ్రీకు భాషలో రాసిన ఈలియన్ అనే రచయిత, మాసిడోనియాలో బెరోయా, థెస్సలొనీకి పట్టణాల మధ్య ప్రవహించే ఆస్త్రయస్ నదిలో చుక్కల చేపలను పట్టే తీరు గురించి తాను విన్నది నమోదు చేశాడు. ఆ చేపలు నీటి మీద వాలే ఒక పురుగును తింటాయి. ఆ పురుగును పట్టుకుని కొక్కేనికి గుచ్చుదామంటే చేయి తగలగానే దాని రంగు చెడిపోతుంది, రెక్కలు నలిగిపోతాయి. అందుకని అక్కడివారు కొక్కెం చుట్టూ ఎర్రటి ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ కింద పెరిగే మైనం రంగు ఈకలు రెండు దానికి అమర్చేవారట. కర్ర ఆరడుగులు, దారమూ అంతే. గమనించవలసింది ఏమిటంటే, బొమ్మ పురుగును తయారుచేయాలన్న ఆలోచన అక్కడ సరదా కోసం పుట్టలేదు, అసలు పురుగు మరీ సుకుమారమైనది కావడం వల్ల పుట్టింది.

ట్రౌట్‌కు ప్రియమైన పురుగుల్లో అగ్రస్థానం మేఫ్లైది. దాని జీవితమంతా దాదాపు నీటి అడుగునే, రాళ్ల కింద, బురదలో గడుస్తుంది. కొన్ని జాతుల్లో అది రెండేళ్ల దాకా సాగుతుంది. తరువాత ఒకనాడు పైకి తేలి, నీటి మీదే చర్మం చీల్చుకుని, మసకరంగు రెక్కలతో పైకి లేస్తుంది. రెక్కలు వచ్చిన తరువాత కూడా మరోసారి కుబుసం విడిచే కీటకం ఇదొక్కటే. ఆ రెండో మార్పుతో అద్దంలాంటి రెక్కలు వస్తాయి, జతకడుతుంది, గుడ్లు పెడుతుంది, చనిపోయి నీటి మీద పడుతుంది. గాలిలో గడిపే ఈ భాగమంతా తరచుగా ఒకటి రెండు రోజులే. అడుగున ఉన్న పిల్లపురుగు, తేలివచ్చే పురుగు, మసకరెక్కల పురుగు, చచ్చి తేలేది అనే ఈ నాలుగు దశల్లో చేప ఆ గంటలో దేనిని తింటోందన్నది పట్టుకోవడమే ఫ్లై కట్టేవారి వాదాలన్నింటికీ ఆధారం.

ఇంగ్లండులో 1496లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో వింకిన్ డి వర్డ్ అచ్చువేసిన ఒక గ్రంథభాగం మార్చి నుంచి ఆగస్టు దాకా నెలలవారీగా 12 ఫ్లైలను పేర్కొంది. దాన్ని రాసింది జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని అని చాలాకాలం చెప్పుకున్నారు గానీ, అందుకు గట్టి ఆధారం లేదు. అయితే ఇది ఇంగ్లండు సొంత ఆవిష్కరణ అనుకోవడం పొరపాటు. బవేరియాలోని టెగర్న్‌జే మఠంలో 1500 ప్రాంతంలో రాసిన ప్రతిలోనూ, స్పెయిన్‌లో 1624 నాటి ఆస్తోర్గా ప్రతిలోనూ ఫ్లైల తయారీ వివరాలు ఉన్నాయి. కొండ ఏళ్లు, ట్రౌట్ చేపలు, ఇళ్లలో కోళ్లు ఉన్నచోటల్లా ఎవరికి వారే ఈ దారి పట్టినట్టు కనిపిస్తుంది. కొండవాగుల్లో రీలు లేకుండా పొడవాటి కర్రకే దారం కట్టి ఆడించే జపాన్ టెన్కరా కూడా ఆ కోవలోదే.

గుర్రపు వెంట్రుక నుంచి కర్బనం దాకా

ఆధునిక పరికరాల పుట్టుకకు ముందు దారమంటే గుర్రపు తోక వెంట్రుకలను పేని ముడివేసినది. కొక్కెం దగ్గరకు వచ్చేసరికి పాయల సంఖ్య తగ్గిస్తూ పోయేవారు కనుక, కొసకు సన్నబడే ఆకారం అప్పటి నుంచే ఉంది. ఆడగుర్రం వెంట్రుకలు మూత్రం తగిలి బలహీనపడతాయని మగగుర్రం తోకనే ఎంచుకునేవారు. డెర్బీషైర్ సరిహద్దున పారే డవ్ నది ఒడ్డున నివసించిన చార్లెస్ కాటన్, చేపలవేట గురించి ఐజాక్ వాల్టన్ రాసిన గ్రంథానికి 1676లో తాను చేర్చిన భాగంలో సన్నని దారంతో, దూరం నుంచి పట్టాలని సలహా ఇచ్చాడు. ఆనాటి కర్రలు చాలా పొడవైనవి, దారం తేలికైనది. విసరడం కన్నా గాలివాటుకు దారాన్ని వదిలి ఫ్లైని నీటి మీద ఆడించడమే ఎక్కువగా జరిగేది.

19వ శతాబ్దంలో గుర్రపు వెంట్రుకల స్థానంలోకి నేసిన పట్టుదారం వచ్చింది. అవిసెనూనె పట్టించి ఆరబెట్టిన ఆ దారానికి మునుపు లేని బరువు చేకూరడంతో నేటి అర్థంలో విసరడం సాధ్యమైంది. ప్రతి సాయంత్రం దాన్ని రీలు నుంచి విప్పి ఆరబెట్టకపోతే కుళ్లిపోయేది, కొవ్వు రాయకపోతే మునిగిపోయేది. ఫ్లైకీ ఈ దారానికీ మధ్య ఉండే సన్నని కొసదారం కథ ఇంకా విచిత్రమైనది. స్పెయిన్‌లోని ముర్సియా ప్రాంతంలో, గూడు కట్టడానికి సిద్ధమైన పట్టుపురుగులను వినిగర్‌లో నానబెట్టి, వాటి కడుపులోని పట్టుగ్రంథిని బయటకు తీసి, రెండు చేతులతో సాగదీసి అడుగు పొడవు తీగలుగా ఆరబెట్టేవారు. ఇంకా సన్నగా కావలసినప్పుడు ఆ తీగను రంధ్రాలున్న లోహపు పలకలోంచి లాగేవారు, ఎన్నిసార్లు లాగితే అన్ని ఎక్స్‌లు. రెండో ప్రపంచయుద్ధం తరువాత నైలాన్ రావడంతో పట్టుపురుగు పేగు అని పిలిచిన ఈ తీగ కనుమరుగైంది గానీ, నేటికీ నైలాన్ చుట్టల మీద 4ఎక్స్, 5ఎక్స్ అనే అచ్చువేస్తారు. 11లోంచి ఎక్స్ సంఖ్యను తీసేస్తే అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన దారం మందం వస్తుంది. 5ఎక్స్ అంటే వెయ్యింట ఆరు వంతులు. ఎవరూ ఏ పలకలోంచీ లాగని దారానికి లాగిన లెక్క పేరుగా మిగిలిపోయింది.

కర్రల విషయంలో భారతదేశానికి నేరుగా సంబంధం ఉంది. హేజెల్, యాష్ వంటి ఐరోపా కలపలు, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గ్రీన్‌హార్ట్ చాలాకాలం ఏలాయి. వెదురును నిలువునా చీల్చి, పైపొర కలిసేలా పేళ్లను త్రికోణాలుగా చిత్రికపట్టి, ఆరింటిని అతికించి షడ్భుజాకారపు కర్రను చేసే పద్ధతి 1840ల ప్రాంతంలో పెన్సిల్వేనియాలోని ఈస్టన్‌లో తుపాకుల తయారీదారు శామ్యూల్ ఫిలిప్ చేతిలో రూపుదిద్దుకుంది. మేన్ రాష్ట్రంలో హైరమ్ లియొనార్డ్ 1870ల్లో పేళ్లను కోసే యంత్రాన్ని ప్రవేశపెట్టి దాన్ని పరిశ్రమగా మార్చాడు. వెదురులో బలమంతా పైపొరను అంటిపెట్టుకున్న నారలోనే ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ మెత్తబడుతుంది. గుండ్రని బోలు వెదురుకు బదులుగా, ఆ నార మాత్రమే చుట్టూ మిగిలేలా కూర్చిన గట్టి కర్ర అందువల్ల సాధ్యమైంది.

తొలినాళ్లలో ఇందుకు వాడింది కలకత్తా రేవు నుంచి ఎగుమతయ్యే వెదురు. కలకత్తా కేన్ అని పిలిచిన దాన్ని మన అడవుల్లో పెరిగే, లాఠీకర్రలకు పనికివచ్చే గట్టి వెదురు జాతిగా గుర్తిస్తారు. అది కాల్చిన మచ్చలతో వచ్చేది, కణుపులు దగ్గరగా ఉండేవి. 20వ శతాబ్ది మొదటి దశాబ్దాల్లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు టోంకిన్ వెదురు దాన్ని పక్కకు నెట్టింది. నిటారుగా, కణుపుల మధ్య పొడవుగా ఉండే ఆ వెదురుకు 1931లో శాస్త్రీయ నామం పెట్టిన ఫ్లాయిడ్ మెక్‌క్లూర్ దానిలో మనోహరమైనది అనే అర్థం వచ్చే మాటను చేర్చాడు. 1950 చివర్లో అమెరికా చైనాతో వాణిజ్యాన్ని నిషేధించడంతో ఆ సరఫరా ఆగిపోయింది. అప్పటికే అంగట్లోకి వచ్చిన ఫైబర్‌గ్లాస్ కర్రలు ఆ ఖాళీని నింపాయి. బ్రిటన్‌లోని ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రంలో 1960ల్లో అభివృద్ధి చేసిన కర్బన నార 1970ల మొదట్లో గాలపు కర్రల్లోకి ప్రవేశించి, ఇప్పటికీ రాజ్యమేలుతోంది. వెదురు కర్రలు మాత్రం విలాసవస్తువులుగా బతికి, ఒక్కొక్కటి మంచి మోటారుసైకిలు ధర పలికే స్థాయికి చేరాయి.

రీలు గురించి చెప్పవలసింది తక్కువ. మిగతా గాలాల్లో రీలు నుంచి దారం దూసుకుపోవాలి. ఇక్కడ దారాన్ని చేత్తోనే వదులుతారు, లాగుతారు కనుక రీలు ప్రధానంగా దారం దాచుకునే చక్రం. వెర్మాంట్‌కు చెందిన చార్లెస్ ఆర్విస్ 1874లో పేటెంటు పొందిన నమూనాలో పక్కపలకలకు రంధ్రాలు చేసి బరువు తగ్గించాడు, తడిసిన పట్టుదారం ఆరే వీలూ కల్పించాడు. పట్టుదారం పోయి చాలాకాలమైనా రంధ్రాలు అలాగే ఉన్నాయి.

సుద్దనేల ఏళ్ల మీద పోరు

ఇంగ్లండు దక్షిణాన హాంప్‌షైర్‌లో టెస్ట్, ఇచెన్ అనే ఏళ్లున్నాయి. సుద్దరాతి పొరల్లో ఇంకిన వాన ఊటలై పైకి వచ్చి ప్రవహించే ఈ ఏళ్లు ఏడాది పొడవునా దాదాపు ఒకే చల్లదనంతో, ఒకే మట్టంతో, అడుగు కనిపించే తేటదనంతో ఉంటాయి. పురుగులు సమృద్ధి, నడక నెమ్మది. చేప ఏ పురుగును తింటోందో ఒడ్డున నిలబడి కళ్లారా చూడవచ్చు. ఫ్లై ఫిషింగ్‌లో అతి కఠినమైన నియమాలు ఇక్కడ పుట్టడానికి కారణం ఈ తేటనీరే తప్ప, అక్కడి మనుషుల ప్రత్యేక నిష్ఠ కాదని నా అభిప్రాయం.

అంతకుముందు ఫ్లైలన్నీ తడిసి మునిగేవే. నీటి మీద తేలే పొడి ఫ్లైకి రెండు అవసరాలు: తేలికైన కొక్కెం, ఫ్లైని గాలిలో ముందుకూ వెనక్కూ ఊపి ఆరబెట్టగల కర్ర, దారం. పాతకాలపు కొక్కేలకు కన్ను, అంటే దారం దూర్చి కట్టే రంధ్రం, ఉండేది కాదు. పట్టుపురుగు పేగును కొక్కేనికే కట్టి దాని మీద ఫ్లై కట్టేవారు, అక్కడ పేగు అరిగితే ఫ్లై మొత్తం వృథా. ఊపి ఆరబెట్టే కొద్దీ అది త్వరగా అరిగేది. 1879లో జార్జ్ బ్యాంకర్ట్‌తో కలిసి కన్నున్న చిన్న కొక్కేన్ని ఆచరణలోకి తెచ్చిన వ్యక్తి హెన్రీ సింక్లెయిర్ హాల్, బ్రిస్టల్‌లోని క్లిఫ్టన్ కళాశాలలో గణితోపాధ్యాయుడు. ఐఐటీ ప్రవేశపరీక్షకు చదివిన తెలుగు విద్యార్థులు ఆయన పేరు వినే ఉంటారు. హాల్ అండ్ నైట్ బీజగణితంలోని హాల్ ఆయనే.

ఈ కొక్కెం చేతికి రావడంతో ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ రంగం మీదికి వచ్చాడు. జార్జ్ మారియట్ సాయంతో టెస్ట్ నది పురుగులను పట్టి, పోల్చి, ఒక్కోదానికి తేలే ఫ్లైని నిర్ణయించి 1886లో ప్రకటించాడు. ఆయన పద్ధతి ప్రకారం నీటి మీదికి వచ్చి తింటున్న చేపను ముందు గుర్తించాలి, అది తింటున్న పురుగు ఏదో తేల్చుకోవాలి, దానికి కచ్చితంగా సరిపోయే పొడి ఫ్లైని ప్రవాహానికి ఎదురుగా పైవైపుకు విసరాలి. పైవైపుకే ఎందుకంటే, ట్రౌట్ ప్రవాహానికి ఎదురు ముఖంగా నిలబడుతుంది కనుక వెనుకనుంచి వెళ్లే మనిషి దాని కంట పడడు. ఈ మేరకు అది ఇంగితజ్ఞానమే. అయితే హాల్ఫర్డ్ శిష్యుల చేతిలో అది ఇంగితం దాటి ఆచారమైంది, తడి ఫ్లై వాడేవారిని మర్యాద తెలియనివారిగా చూసే దాకా వెళ్లింది. కొన్ని క్లబ్బులు తమ నీటిలో పొడి ఫ్లై తప్ప మరొకటి వాడరాదని కట్టడి చేశాయి.

ఆ ఆచారాన్ని ప్రశ్నించిన జి.ఇ.ఎమ్. స్క్యూస్ వృత్తిరీత్యా లండన్ న్యాయవాది, ఇచెన్ నది మీద పట్టేవాడు. పట్టిన చేప కడుపులోంచి సన్నని గరిటెతో ఆహారాన్ని బయటకు తీసి, తెల్లని పళ్లెంలో నీరు పోసి పరిశీలించడం ఆయనకు అలవాటు. అందులో రెక్కల పురుగుల కన్నా నీటి అడుగున ఉండే పిల్లపురుగులే ఎక్కువగా కనిపించాయి. చేప తినేది నీటి కింద అయితే మనం నీటి పైనే ఫ్లై వేయడం ఏమి నియమమని 1910 నుంచి ఆయన రాస్తూ వచ్చాడు. ఈ వివాదం ఎంత ముదిరిందంటే, 1938 ఫిబ్రవరిలో లండన్‌లోని ఫ్లైఫిషర్స్ క్లబ్బులో దీని మీద ప్రత్యేకంగా చర్చాసభ పెట్టారు. అప్పటికి స్క్యూస్‌కు ఎనభై ఏళ్లు దగ్గరపడ్డాయి. తరువాతి తరంలో ఏవన్ నదిని కాపలా కాసే ఫ్రాంక్ సాయర్ అనే ఉద్యోగి, దారం అన్నదే లేకుండా నెమలికోడి తోక ఈక పోచలను సన్నని రాగి తీగతో బిగించి ఒక పిల్లపురుగు ఫ్లైని కట్టాడు. రాగి దానికి బరువు, కట్టు రెండూ అయింది. ప్రపంచమంతటా నేడు అతి ఎక్కువగా వాడే ఫ్లైలలో అదొకటి, సభల్లో గెలిచిన వాదాలకు మాత్రం అంత ప్రచారం లేదు.

నీరు మారితే నియమం మారుతుందనడానికి మంచి ఉదాహరణ అమెరికా. న్యూయార్క్ రాష్ట్రపు క్యాట్‌స్కిల్ కొండల్లో ఉండే థియొడోర్ గార్డన్ అడిగినందుకు హాల్ఫర్డ్ 1890లో తన ఫ్లైల మచ్చులను పోస్టులో పంపాడు. అక్కడి పురుగులు వేరు, ఏళ్లు రాళ్ల మీద నురగలు కక్కుతూ ఉరికేవి. హాంప్‌షైర్ ఫ్లైలు ఆ నీటిలో మునిగిపోయేవి. గార్డన్ ఈకలను పలచగా, బిరుసుగా, నిటారుగా నిలిపి కట్టడంతో క్యాట్‌స్కిల్ శైలి ఏర్పడింది. ఆ తరువాతి అమెరికన్ ఫ్లైలు ఇంకా దూరం జరిగి, బోలుగా ఉండి గాలి నింపుకున్న జింక, ఎల్క్ వెంట్రుకలను తేలడానికి వాడుకున్నాయి.

సాల్మన్ ఫ్లై, లేదా తినని చేపకు వడ్డన

ఇంతవరకు చెప్పిందంతా పురుగును అనుకరించడం గురించి. సాల్మన్ దగ్గర ఈ తర్కం పనిచేయదు. సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి నదిలోకి తిరిగివచ్చిన అట్లాంటిక్ సాల్మన్ ఆహారం మానేస్తుంది. అయినా అప్పుడప్పుడు ఫ్లైని నోట కరుస్తుంది. కోపమా, పాత అలవాటా అన్నది నేటికీ వాదమే. తినని చేపకు ఏ పురుగును అనుకరించాలి? ఏ సమాధానమూ తప్పని రుజువు చేయలేనిచోట కల్పనకు పట్టపగ్గాలు ఉండవు. ఐర్లండులో మొదలైన రంగురంగుల ఫ్లైలు విక్టోరియా కాలపు బ్రిటన్‌లో నగల స్థాయికి ఎదిగాయి. జాక్ స్కాట్, డరమ్ రేంజర్, సిల్వర్ డాక్టర్ వంటి పేర్లతో, ఒక్కో ఫ్లైలో పది పదిహేను రకాల ఈకలు, పట్టు, వెండి జరీ వరుస తప్పకుండా పేర్చేవారు. జార్జ్ కెల్సన్ 1895లో వందల ఫ్లైల పాకాలను, అంటే ఏ ఫ్లైని వేటితో ఎలా కట్టాలో చెప్పే వివరాలను, గ్రంథస్థం చేసి, వాటిలో ఒక్క ఈక మారినా ఫలితం ఉండదన్న ధోరణిలో రాశాడు.

ఆ పాకాలను చదివితే సామ్రాజ్యపు సరుకుల జాబితా చదివినట్టే ఉంటుంది. చైనా బంగారు నెమలికోడి జుట్టు ఈకలు, దక్షిణ అమెరికా మకావ్, టూకాన్, నీలి కొటింగా, భారతదేశపు బట్టమేకపిట్ట, నెమలి. ఇండియన్ క్రో అనే పేరుతో వాడిన ఎర్రటి ఈక ఇండియాదీ కాదు, కాకిదీ కాదు. అది దక్షిణ అమెరికా పక్షి. ఆడవారి టోపీల వ్యాపారం కోసం ఓడలకొద్దీ పక్షుల తోళ్లు లండన్ వేలంపాటలకు వచ్చే కాలమది, ఫ్లైలు కట్టేవారు ఆ విందులో మిగిలిన ముక్కలు ఏరుకున్నారు. 1921లో బ్రిటన్ పార్లమెంటు ఈకల దిగుమతిని నిషేధించాక ఆ ముక్కలు కూడా కరువయ్యాయి.

వీటన్నింటిలో ఫ్లైలు కట్టేవారు కన్నుగా భావించే ఈక మన అడవికోడిది. భారతదేశంలో అడవికోళ్లు ప్రధానంగా రెండు జాతులు: ఉత్తరాన, తూర్పున ఎర్ర అడవికోడి, దక్షిణాన బూడిదరంగు అడవికోడి. రెండింటికీ స్థూలంగా గోదావరిని సరిహద్దుగా చెబుతారు. నల్లమల, శేషాచలం అడవుల్లో కూసేది రెండోది. దాని పుంజు మెడ ఈకల కొసన కాడ వెడల్పై, మైనపు పూత పూసినట్టు తెల్లగా, లేతపసుపుగా మెరిసే చుక్కలుగా మారుతుంది. ఒక్కో చుక్క అచ్చం చిరుచేప కన్నులా ఉంటుంది కనుక, సాల్మన్ ఫ్లైకి రెండు పక్కలా ఒక్కొక్కటి పెట్టడం తప్పనిసరి అయింది. 1900లో స్కాట్లండ్ నుంచి ట్రౌట్ గుడ్లు కాశ్మీర్‌కు చేరాయి. ఆ రోజుల్లో అడవికోడి తోళ్లు అటువైపు ప్రయాణిస్తున్నాయి. వేట మితిమీరడంతో 1960ల చివర భారత ప్రభుత్వం ఎగుమతిని నిలిపివేసింది. నేడు చట్టబద్ధంగా దొరికేవి విదేశాల్లో పెంచిన పక్షుల ఈకలే, వాటి ధర భరించలేనివారికి ప్లాస్టిక్ మీద అచ్చువేసిన కన్నులూ ఉన్నాయి. సాల్మన్ ఆ తేడా పట్టించుకున్న దాఖలా లేదు.

ఈ కళలో పరాకాష్ఠకు చేరినవారిలో మెగన్ బాయ్డ్ ఒకరు. స్కాట్లండ్ ఈశాన్య తీరాన బ్రోరా దగ్గర కరెంటు లేని కుటీరంలో, కిటికీ పక్కన కూర్చుని దశాబ్దాల పాటు ఆమె కట్టిన ఫ్లైల కోసం అప్పటి యువరాజు చార్లెస్‌తో సహా ఎందరో వరుసలో నిలిచారు. 1971లో బ్రిటిష్ ఎంపైర్ పతకం వచ్చింది. ఆమె మాత్రం ఎన్నడూ చేపలు పట్టలేదు, చేపను చంపడం ఆమెకు గిట్టదు. ఫ్లై ఎవరి కోసం అన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటి సాక్ష్యం అక్కరలేదనుకుంటాను.

పుంజుల వంశాలు

ట్రౌట్ ఫ్లైలకు మళ్లీ వస్తే, వాటికి ప్రాణం పుంజు మెడ ఈక. దాన్ని కొక్కెం చుట్టూ చుడితే పోచలు చక్రపు ఆకుల్లా విచ్చుకుని, పురుగు కాళ్లలా నీటి మీద నిలబడి ఫ్లైని తేలుస్తాయి. ఇందుకు పోచలు బిరుసుగా, పొట్టిగా, ఈక సన్నగా, పొడవుగా ఉండాలి. పెట్టల ఈకలు మెత్తన, నీటిని పీల్చుకుంటాయి. ఇంగ్లండులో ఇలాంటి ఈకలకు పందెం పుంజులు ప్రసిద్ధి. ఆ రంగుల పేర్లు వింటే గోదావరి జిల్లాల సంక్రాంతి బరుల పక్కన నిలబడినట్టుంటుంది: మనవారు కాకి, డేగ, నెమలి, సేతువ, పర్ల అని వేరుచేసినట్టే, వారు బూడిద పుంజును డన్ అనీ, నలుపు తెలుపు అడ్డచారల ఈకను గ్రిజ్లీ అనీ, నడుమ నల్లచారతో అంచు తెల్లగా ఉంటే బ్యాడ్జర్ అనీ, అంచు ఎరుపైతే ఫర్నెస్ అనీ పిలిచారు. మనదగ్గర ఆ పేర్లు గెలుపోటములు చెబుతాయని నమ్ముతారు, అక్కడ ఏ పురుగు రంగుకు ఏది సరిపోతుందో చెబుతాయి.

స్పెయిన్‌లోని లియోన్ ప్రాంతంలో కురువేన్యో లోయ గ్రామాలు ఈ పనికే ప్రత్యేకించిన పుంజులను ఇప్పటికీ పెంచుతున్నాయి. చుక్కలున్నవి పార్దో, చుక్కలు లేనివి ఇందియో అని రెండు వంశాలు. పక్షిని చంపరు, ఏడాదిలో కొన్నిసార్లు నడుము ఈకలను పీకి కట్టలు కట్టి అమ్ముతారు. ఆ లోయ దాటించి పెంచితే ఈక మెరుపు పోతుందని అక్కడివారి నమ్మకం. అమెరికాలో మరో దారి తొక్కారు: 20వ శతాబ్ది మధ్యలో క్యాట్‌స్కిల్ కళాకారులు తమ పెరట్లో ఎంపికచేసిన పుంజులనే జతకడుతూ వచ్చారు, తరువాత పెద్ద ఫారాలు ఆ గుడ్లను అందిపుచ్చుకుని శాస్త్రీయంగా వంశాలను నిర్మించాయి. ఫలితంగా ఒకప్పుడు ఒక ఫ్లైకి రెండు ఈకలు కావలసినచోట, ఇప్పుడు ఒకే పొడవాటి ఈకతో అనేక ఫ్లైలు కట్టవచ్చు. 2011 వేసవిలో ఆ ఈకలను జుట్టులో అతికించుకునే సరదా అమెరికా యువతుల్లో హఠాత్తుగా పాకి, ఫారాల సరుకంతా క్షౌరశాలలు ఊడ్చుకుపోయాయి. ధరలు ఎన్నో రెట్లు పెరిగి, ఏళ్ల తరబడి అవే ఈకలు కొన్న దుకాణాలు ఖాళీ కొక్కేలు వేలాడదీసుకున్నాయి. టోపీల కాలంలో ఫ్లైలకు ఈకలు సమకూర్చిన ఫ్యాషనే, వందేళ్ల తరువాత వాటిని లాగేసుకుంది.

సాల్మన్ ఫ్లైల పాత పాకాలను అసలు ఈకలతోనే కట్టాలనే పట్టుదల అంతకు రెండేళ్ల ముందే మరో రూపం చూపింది. 2009 జూన్‌లో ఒక రాత్రి, లండన్‌లో సంగీతం చదువుతున్న ఇరవయ్యేళ్ల అమెరికన్ విద్యార్థి ఇంగ్లండులోని ట్రింగ్ పట్టణంలో ఉన్న ప్రకృతి చరిత్ర మ్యూజియం కిటికీ పగలగొట్టి లోపలికి దూరి, సూట్‌కేసులో 299 పక్షుల తోళ్లు నింపుకుపోయాడు. ఇండియన్ క్రో, నీలి కొటింగా వంటివాటితో పాటు, ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ 19వ శతాబ్దంలో మలయ్ ద్వీపాల్లో సేకరించినవీ వాటిలో ఉన్నాయి. అతను పేరున్న ఫ్లై కళాకారుడు, చేపలు పట్టే ఆసక్తి ఉన్నవాడు కాదు. ఈకలు చిన్న సంచుల్లో ఇంటర్నెట్ ద్వారా సాటి కళాకారులకు చేరాయి. 2011లో న్యాయస్థానం అతనికి అమలు నిలిపివేసిన 12 నెలల శిక్ష వేసింది. పక్షి ఎక్కడ, ఎప్పుడు, ఎవరి చేతికి దొరికిందో చెప్పే చీటీ కాలికి కట్టి ఉంటేనే శాస్త్రవేత్తకు ఆ తోలు పనికివస్తుంది. తిరిగి దొరికిన తోళ్లలో చాలావాటికి ఆ చీటీలు కత్తిరించి ఉన్నాయి.